తవుడిచ్చి కొన్న రాజు

మొన్న మా వీధిలో ఒక పాపకు రెండో పుట్టినరోజు చేశారు. నన్నూ పిలిచారు, వెళ్ళాను. గుమ్మంలోనే ఒక అమ్మాయి నన్ను ఆపి, అట్టముక్కతో చేసిన పులి చెవులు నా నెత్తిన పెట్టబోయింది.

"ఈరోజు ఇల్లంతా అడవి తాతా. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక జంతువు కావాలి."

"నేను మనిషిగా వచ్చానమ్మా. మనిషిగానే పోతాను."

"పోనీ కుందేలు చెవులు పెట్టుకోండి, అవి చిన్నవే" అంది, నామీద జాలిపడి కాస్త తగ్గించినట్టు.

ఎనభై దాటాక కుందేలు కావలసిన ఖర్మ నాకేమిటి? పెట్టుకోలేదు. లోపల చూస్తే, ఎవరి కోసం ఇంత అడవి మొలిచిందో ఆ పాప సింహం వేషం కట్టిన బాబాయిని చూసి దడుచుకుని తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. ఆ తల్లి పాపను మెడ నుంచి విడదీసి, ఫొటోల కోసం కుర్చీలో కూచోబెట్టాలని తంటాలు పడుతోంది. పాప ఏడుపు ఎవరికీ పట్టలేదు, అడవి బాగా కుదిరిందా లేదా అన్నదే అందరి దిగులు.

ఇప్పటివాళ్ళు ఇదంతా తామే కనిపెట్టామనుకుంటారు. అరవై ఏళ్ళ కిందటే, సముద్రపు గాలి తప్ప ఇంకేమీ కొత్తగా రాని మా ఊళ్ళో, ఇలాంటి పుట్టినరోజు ఒకటి జరిగింది. అది జరిపించిన పాపం నాదే. నెత్తిన కిరీటం పెట్టుకుని, మీసం దిద్దించుకుని, నాది కాని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అర్ధగంట కూచున్నాను. పులి చెవులు వద్దంటే ముసలాయనకు సరదా లేదనుకుని ఉంటుంది ఆ అమ్మాయి. నా సరదా అప్పుడే తీరిపోయిందని ఆమెకేం తెలుసు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మా ఊరు నెల్లూరు జిల్లా అల్లూరికి తూర్పున ఉంది, అక్కణ్ణుంచి సముద్రం మూడు మైళ్ళు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక వడ్లమిల్లుకు ఇంజను డ్రైవర్ని. మిల్లంటే పెద్దదేమీ కాదు. ఒక ఆయిలింజను, ఒక బెల్టు, ఒక మర. పైన వడ్లు పోస్తే ఒక పక్కకు బియ్యం వస్తాయి, కింద తవుడు రాలుతుంది. మూడో తరగతితో నా చేత బడి మానిపించారు. ఆ తర్వాతి చదువంతా నాకు నేను చెప్పుకున్నదే. మిల్లు యజమాని చదివి పారేసిన పేపర్లు, పంచాయతీ లైబ్రరీలో ఉన్న ఒక్క బీరువా. ఆ బీరువాను మూడుసార్లు చదివాను. అందులో ఏ పుస్తకానికి ఏ పేజీ లేదో కూడా చెప్పగలిగేవాణ్ణి.

మిల్లు గోడకు అవతల ఒక రైతు ఇల్లు. ఇంటిపెద్ద ఒక అవ్వ. సేద్యమంతా ఆమె చేతి మీదే జరిగేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు కోవూరు బ్లాకు ఆఫీసులో గుమాస్తా. చుట్టరికం లేకపోయినా నేను ఆయన్ను అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేవాణ్ణి. ఆ వదినకు ఇద్దరు బిడ్డలు పుట్టి, ఏడాదైనా నిండకుండానే పోయారు. ఆ తర్వాత ఇంకొక మగబిడ్డ పుట్టాడు.

వాడు పుట్టిన పదకొండో రోజు పురుడు. పొద్దున్నే మిల్లు గోడ మీదుగా అవ్వ తల కనిపించింది.

"అబ్బయా, ఇంజను ఆపి ఒక నిమిషం రా. వచ్చేటప్పుడు తవుడు పట్టుకొనిరా."

"ఎంత కావాలవ్వా?"

"దోసెడు చాలు."

గేదెకు కాబోలు అనుకున్నాను. మర కింద కుప్పలోంచి దోసెడు తవుడు తువ్వాల్లో పోసుకుని గోడ దాటాను. పెరట్లో పెంటకుప్ప అంచున ఒక చేట, చేటలో పాతగుడ్డ, గుడ్డ మీద ఎర్రగా ఆ బిడ్డ. అప్పుడర్థమైంది. బిడ్డలు దక్కని ఇళ్ళలో మావైపు ఇది ఉండేది. పుట్టినవాణ్ణి పెంట మీద పెట్టి, పరాయివాడికి తవుడుకు అమ్మేస్తారు. ఇక వాడు ఆ ఇంటి బిడ్డ కాదు. ఆ ఇంటిమీద కన్నేసినది ఏదైనా సరే, వాడు పరాయివాడనుకుని వదిలేసి పోతుందని నమ్మకం.

"ఈ పనికిమాలినోణ్ణి కొంటావా?" అంది అవ్వ.

"నేనెందుకవ్వా? పెళ్ళి కూడా కాలేదు."

"నీకాడ తవుడుంటాది గదా. కొంటానని చెప్పబ్బయా, ఎండెక్కుతా ఉండాది."

మూడుసార్లు కొన్నానన్నాను. తవుడు ఆమె కొంగులో పోశాను. ఆమె చేట ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "నీ బిడ్డను సాకలేవు గదా, మా ఇంట్లో పెంచమని చెప్పు" అంది. అదీ చెప్పాను. ఇదంతా జరుగుతుంటే వదిన తడి జుట్టుతో వాకిట్లో నిలబడి చూస్తోంది. నన్ను ఆమె చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గాదె దగ్గర దొంగను పట్టుకున్నప్పుడు అలా చూస్తారు.

తిరిగి మిల్లుకు వచ్చేసరికి అవ్వ ఇంటి పాలేరు మర పక్కన నిలబడి తవుడు కుప్పను పరీక్షగా చూస్తున్నాడు. నాకంటే పెద్దవాడే అయినా, ఇంజను నడిపేవాణ్ణని నన్ను అన్నా అనేవాడు.

"అన్నా, మా తవుడులో గుంట పడిందేంది?"

"మీ తవుడా?"

"పొద్దుట్నించి ఆడతా ఉండేది మా వడ్లే గదా. నిన్న నీ ఇంజను మొరాయించింది. రాత్రికి పురుడు భోజనాలు. బియ్యం లేవని అవ్వ నన్ను తిడతా ఉండాది."

మరలో ఎవరి వడ్లు పోశారో నేను చూసుకోలేదు. వాళ్ళ వడ్లు, వాళ్ళ తవుడు. వాళ్ళ తవుడు వాళ్ళకే ఇచ్చి, వాళ్ళ బిడ్డను కొన్నానన్నమాట.

"ఎలకలు తినుంటాయి పో" అన్నాను.

"ఇంజను ఇప్పుడే గదా ఆపింది, అంతలోనే ఎలకొచ్చి దోసెడు తినిపోయిందా?"

నేను బెల్టు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. వాడు నా తువ్వాలు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, ఇంకేమీ అడగలేదు. వెనక్కి పోయి చెబుదామా అని ఒక క్షణం అనుకున్నాను. అప్పటికే బిడ్డను లోపలికి తీసుకుపోయారు. మళ్ళీ ఇంకో దోసెడుతో పోతే నవ్విపోతారని ఊరుకున్నాను. అక్కడ ఊరుకోవడమే నేను చేసిన తప్పు. ఇంకెవరి మీదా పెట్టను.

బిడ్డ బతికాడు. పాకాడు, నడిచాడు, గోడ పక్కన పిచ్చుకలను తరిమాడు. కానీ వాడు ఆ ఇంటివాడు కాదు. అవ్వ వాడికొక పేరు పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను, కుక్కను కూడా అలా పిలవరు. కన్నతల్లిని అక్కా అని పిలవడం నేర్పింది. నలుగురిలో వదిన వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటే "మనకెందుకమ్మా ఊరోళ్ళ బిడ్డ" అనేది. ఇక గోడ మీదుగా నాకు కబుర్లు.

"అబ్బయా, నీ కొడుక్కు జలుబు. ఆముదం పొయ్యమంటావా?"

"నన్నడిగేదేందవ్వా?"

"నీ బిడ్డ గదా. రేపు ఏదన్నా అయితే మా మీదికి రాకూడదు."

వాడు పన్ను వచ్చి ఏడ్చినా నాకే కబురు, నడిచి పడినా నాకే కబురు. కోట అనే ఊళ్ళో ఒక సంబంధం చూడబోతే, పిల్ల తండ్రి మర్యాదగా మజ్జిగ ఇచ్చి, "అబ్బాయికి ఇంతకుముందే ఒక బిడ్డ ఉన్నాడని విన్నాం" అన్నాడు. ఎంత చెప్పినా ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

ఇలా రెండేళ్ళు నిండబోతుండగా అన్న ఒక సాయంత్రం నెల్లూరు నుంచి వెలిగిపోతూ వచ్చాడు. వాళ్ళ ఆఫీసరుగారి కూతురి పుట్టినరోజుకు పోయి వచ్చాడట. బంగళా అంతా పూలతోట చేశారట, పిల్లలందరికీ సీతాకోకచిలక రెక్కలు కట్టారట.

"దాన్ని థీము అంటారబ్బయా."

నా దగ్గర ఒక ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. చెదలు దాని చివరి పేజీలన్నీ తినేశాయి, ఆ మాట సరిగ్గా అక్కడే ఉండాలి. అందుకని ఆయన్నే అడగవలసి వచ్చింది.

"థీము అంటే ఏందన్నా?"

"అంటే అంతా ఒకటే."

"ఏంది ఒకటే?"

"అన్నీ."

అంతకు మించి ఆయనకూ తెలియదు. కానీ తన కొడుక్కు అలాంటిది చేయాలని నిశ్చయించుకున్నాడు. రాజదర్బారు. నెల్లూరులో నాటకాల దుస్తులు అద్దెకిచ్చేవాడున్నాడు, ఆఫీసరుగారు భార్యతో సహా వస్తామన్నారు, ఫొటో తీసేవాణ్ణి మాట్లాడాడు. అన్నీ అయ్యాక తల్లితో చెప్పాడు.

అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఉన్నాడని బయటికి చెప్పడానికే భయపడే బిడ్డను కిరీటం పెట్టి ఊరందరికీ చూపిస్తానంటున్నాడు కొడుకు. అయినా ఆమె వద్దనలేదు. వద్దంటే కొడుకు వినడు. దానికి ఇంకో దారి కనిపెట్టింది.

"పరాయోళ్ళ బిడ్డకు పుట్టినరోజు మనం చేస్తే బాగుంటాదా నాయనా? కొన్నోడున్నాడు గదా. ఆయన్ను చెయ్యమను."

అంతే. మర్నాటి నుంచి నా బతుకు గోడ మీదికెక్కింది. రోజుకు నాలుగుసార్లు ఇంజను ఆపడం, గోడ దగ్గరికి పోవడం. అటు అన్న, ఇటు అవ్వ, మధ్యలో నేను. మిల్లు యజమాని "నువ్వు వడ్లు ఆడిస్తా ఉండావా, రాజ్యం ఏలతా ఉండావా?" అని అడిగాడు. రెండూ సరిగ్గా చేయడం లేదని ఆయన బాధ.

మొదట తేదీ దగ్గర పేచీ. ఇంగ్లీషు తేదీ కావాలని అన్న, తిథి కావాలని అవ్వ. రెంటికీ మధ్య తొమ్మిది రోజుల తేడా. ఆఫీసరుగారికి తిథులు కుదరవు. చివరికి ఇంగ్లీషు తేదీకి దర్బారు, తిథికి గుడిలో దీపం అని తేల్చాను. తేల్చినందుకు ఇద్దరూ నామీద మొహం ముడుచుకున్నారు.

తర్వాత రాజు సంగతి. ఏదైనా చేస్తే సక్రమంగా చేయాలి కదా. నేను చదివింది కాస్త అక్కరకొస్తుందని ఆశపడ్డాను.

"ఏ రాజన్నా? శాతవాహనులా, చోళులా? ఒక్కొక్కరిది ఒక్కొక్క కిరీటం."

"పుట్టినరోజు వంశం. రాజంటే రాజే, మెరవాల."

"అట్ట కాదన్నా. భుజకీర్తులు..."

"ఉండాయి. అవీ తెచ్చినా. పెద్దోళ్ళవి, నీకు పెడదాం."

నాకెందుకని అడిగాను. అప్పుడు అవ్వ నిబంధనలు ఒక్కటొక్కటిగా దిగాయి. బిడ్డ కూచోవాలంటే కొన్నవాడి ఒళ్ళోనే కూచోవాలి. రాజు రెండేళ్ళవాడైతే వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నవాడు రాజు తండ్రి, వాడికీ కిరీటం కావాలి. బిడ్డకు కొత్తబట్ట కూడదు. అన్న రెండు రోజులు బతిమాలితే చిరిగిన చొక్కా మీద పట్టు తుండు కప్పడానికి ఒప్పుకుంది. చిరిగిన చొక్కా తొడుక్కున్న రాజు ఆ బీరువాలో ఏ పుస్తకంలోనూ లేడు. బిడ్డ కిరీటానికి బంగారు కాగితం అంటించవచ్చు, కానీ ఒక పక్క మసి పూయాలి.

"రాణి లేకుండా దర్బారేంది? వదిన్ను కూచోబెడదాం" అన్నాను నేను.

"ఆ పిల్ల ఎందుకు కూచుంటాది? ఆమెకూ వాడికీ ఏం సంబంధం? వెనక నిలబడి విసనకర్ర ఊపమను. గాలి తగలతాది వాడికి."

వదిన అక్కడే బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. ఆ మధ్యాహ్నం అవ్వ వరికయ్యల వైపు పోయినప్పుడు గోడ దగ్గరికి వచ్చింది. రెండేళ్ళలో ఆమె నాతో అన్న మాటలు వేళ్ళ మీద చెప్పవచ్చు.

"నాకొక్కటి కావాలబ్బయా. ఆ పొద్దు పాయసం మొదటి ముద్ద నేను పెట్టాల వాడికి. అందరి ముందర, ఒళ్ళో కూచోబెట్టుకొని. ఇంకేమీ వద్దు."

"దానికేముంది వదినా, నేను చెబుతాను."

"నువ్వు చెబితే వింటాది. నువ్వు కొన్నోడివి గదా."

ఆ చివరి మాటలో ఎంత కారం ఉందో. సాయంత్రం అవ్వకు చెప్పాను.

"ఇద్దరికీ ఆ చేత్తోనే తినిపించింది. ఇద్దర్నీ ఆ చేత్తోనే సాగనంపింది. దాని కడుపుకోత నాకు తెలవదనుకుంటివా? మొదటి ముద్ద నువ్వే పెట్టు నాయనా. నాకూ వాడు తప్ప ఇంకెవరుండారు?"

తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాణ్ణి. వదినకు జవాబు చెప్పడానికి గోడ దగ్గరికి పోలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు, నా మొహం చూసి తెలుసుకుంది.

ఆ రోజు వచ్చింది. సరుగుడు కర్రలు పాతి పందిరి వేశాం. చీరలు కట్టి, కొబ్బరాకుల మీద బంగారు కాగితం అంటించాం. మధ్యాహ్నం రెండింటి దాకా నిజంగానే దర్బారులా ఉంది. రెండు దాటాక సముద్రపు గాలి మొదలైంది. ఆ గాలి రోజూ అదే వేళకు వస్తుందని ఊరందరికీ తెలుసు, అన్నకూ తెలుసు. అయినా దర్బారు నాలుగింటికే పెట్టాడు. కాగితమంతా లేచి తుమ్మకంపకు తగులుకుంది. ఇంటి దర్బారు కంటే కంపచెట్టు దర్బారే ఎక్కువ మెరిసింది.

పాలేరుకు ఈటె ఇచ్చి వాకిట్లో నిలబెట్టారు. మీసం వాడికి సొంతమే ఉంది.

"ఇది పట్టుకొని నేనేం చెయ్యాలన్నా?"

"రాజును కాపాడాల."

"ఎవర్నుంచి?"

"జీపులో వచ్చేవాళ్ళ నుంచి" అన్నాను, కసిగా.

మిల్లు యజమాని చేతుల కుర్చీ సింహాసనం. దాంట్లో నేను. నెత్తిన అద్దాల కిరీటం, అది పెద్ద తలవాడి కోసం చేసింది, తల తిప్పితే అది తిరిగేది కాదు, కళ్ళకు అడ్డంగా దిగేది. భుజాల మీద రెక్కల్లాంటి భుజకీర్తులు, మొహాన కాటుక మీసం. నిద్రపోతున్న రాజును లేపి తెచ్చి నా ఒళ్ళో వేశారు. వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. రోజూ చూసే మనిషినే అయినా మీసం, అద్దాలు చూసి కెవ్వుమన్నాడు. తర్వాత నా ఒళ్ళు తడిపాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి చాపి, విసనకర్ర పట్టుకుని నిలబడిన తల్లి వైపు "అక్కా, అక్కా" అని ఏడుపు. ఆమె విసురుతూనే ఉంది. ఆ గాలిలో విసనకర్ర దేనికో నాకర్థం కాలేదు.

జీపు వచ్చింది. ఆఫీసరుగారు, ఆయన భార్య దిగారు. ఇద్దరూ మంచివాళ్ళు, అన్నిటినీ మెచ్చుకున్నారు, కంపచెట్టును కూడా. ఆయన సింహాసనం దగ్గరికి వచ్చి చుట్టూ చూసి, "బిడ్డ తండ్రి ఎవరయ్యా?" అన్నాడు సరదాగా. తన గుమాస్తా ముందుకొచ్చి చేతులు కట్టుకుంటాడని ఆయన అనుకుని ఉంటాడు.

అన్న నోరు తెరిచాడు. తల్లి వైపు చూశాడు. మూసుకున్నాడు.

అవ్వ నావైపు చెయ్యి చూపించింది. "ఈయనే సార్."

ఆయన తికమకపడి, తడిసిన నా ఒళ్ళు చూసి, అయినా చెయ్యి ఇచ్చాడు. ఆయన భార్య వంగి బిడ్డ బుగ్గ తాకి, "మరి తల్లి?" అంది.

"తల్లి లేదమ్మా" అంది అవ్వ.

"అయ్యో పాపం. ఇంత చిన్నబిడ్డ" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

విసనకర్ర ఆగింది. కిరీటం తిరగదు కాబట్టి ఒళ్ళంతా తిప్పి చూశాను. వదిన మొహంలో ఏడుపు లేదు. రెండేళ్ళ కిందట వాకిట్లో నన్ను చూసిన చూపే అది. ఈసారి ఆ చూపు నామీద లేదు, దేనిమీదా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ మీదో, అన్న మీదో కాదు. నామీద నాకే. దోసెడు తవుడు సంగతి చెప్పడానికి సిగ్గుపడి, రెండేళ్ళు ఒక తల్లి నోరు మూయించాను కదా అని.

"అవ్వా, ఈ బిడ్డ నాది కాదు" అన్నాను, అందరి ముందూ.

"అట్టనబాకు, అశుభం. కొన్నావు గదా."

"కొనలేదు. ఆ పొద్దు నేను తెచ్చిన తవుడు మీదే. మరలో ఆడతా ఉండింది మీ వడ్లు. మీ తవుడే మీ కొంగులో పోసినాను. దాన్ని కొనడం అంటారా?"

"నోటికొచ్చింది చెప్పబాకు."

"మీ పాలేరునడగండి."

అందరూ వాకిలి వైపు తిరిగారు. ద్వారపాలకుడు ఈటె రెండో చేతికి మార్చుకున్నాడు.

"అవునవ్వా. పురుడు రోజు, మన వడ్లే. కుప్పలో దోసెడు గుంట పడింటే అడిగినా. ఎలకంట. ఆ ఎలక తువ్వాలేసుకొని ఉండింది."

ఎవరో నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమె పందిరి గుంజ పట్టుకుంది. రెండేళ్ళు బిడ్డకు ఏ రక్షా లేదని, వాడు తమ వాడుగానే బట్టబయలుగా తిరిగాడని ఆమెకు అప్పుడు తెలిసింది. మెల్లగా తేరుకుని పాలేరును పిలిచింది.

"పో, పక్కింటి నుంచి తవుడు తే. మనది కాదు, వాళ్ళది. ఇప్పుడన్నా సరిగ్గా కొంటాడు."

వాడు కదలబోయాడు.

"వద్దు" అంది వదిన.

అత్తకు ఎదురు మాట ఆమె నోట అంతవరకు ఎవరూ వినలేదు. ఆమె విసనకర్రను నా చేతిలో పెట్టి, నా ఒళ్ళోంచి బిడ్డను ఎత్తుకుంది.

"రెండేండ్లు మనోడుగానే బతికినాడు గదత్తా. ఎవురూ తీసుకపోలేదు. ఇంకెందుకు అమ్మేది?"

మేమంతా అవ్వ మొహమే చూస్తూ ఉండిపోయాం, జీపులో వచ్చినవాళ్ళతో సహా. వాళ్ళకు సగం కూడా అర్థమై ఉండదు. నేను కుర్చీలోంచి లేచాను. వదిన కూచుంది. ఆమె పాయసం గిన్నె కోసం చెయ్యి చాపింది గానీ ఎవరూ అందివ్వలేదు, అందరి కళ్ళూ అవ్వ మీదే ఉన్నాయి. చివరికి అవ్వే వంటింట్లోకి పోయింది. పాయసం గిన్నె తెచ్చి కోడలి చేతికిచ్చింది. ఇస్తూ, "వేడిగా ఉండాది, ఊదిపెట్టు" అంది.

వదిన ఊదింది. పెట్టింది. వాడు సగం మింగి సగం చొక్కా మీద ఊశాడు. అవ్వ గిన్నె అడుగున అంటిన మసిని వేలితో తీసి, వాడి బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది. కాస్త ఆలోచించి కోడలి బుగ్గ మీద కూడా ఇంకొకటి పెట్టింది.

అప్పటిదాకా కిక్కురుమనకుండా ఉన్న ఫొటో మనిషి నల్లగుడ్డలో తలదూర్చి, "ఎవరూ కదలొద్దు" అన్నాడు. అన్న పరుగున వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆఫీసరుగారిని పిలవడం కూడా మర్చిపోయాడు. దేనికోసం ఇంత దర్బారు పెట్టాడో ఆ పెద్దమనిషే ఫొటోలో లేడు.

ఆ రాజుగారికి ఇప్పుడు మనవలున్నారు. అక్కా అన్న పిలుపు వాడి నోట పోలేదు. అమ్మా అని పిలవరా అని ఎంత నేర్పినా, పెద్దయ్యాక కూడా అక్కా అనే పిలిచాడు. వదిన దానికి బాధపడ్డట్టు నాకెప్పుడూ కనిపించలేదు. ఎలా పిలిచినా పరుగెత్తుకొచ్చేది ఆమె దగ్గరికే.

ఫొటో ఒక కాపీ నా దగ్గర ఉంది. కుర్చీలో తల్లీబిడ్డలు, ఇద్దరి బుగ్గల మీద మసిచుక్కలు. బిడ్డ తల ఊపాడు కాబట్టి వాడి కిరీటం మసకగా పడింది. వెనక విసనకర్ర పట్టుకున్నది నేను. ఆ ఫొటో తీసినవాడికి కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు కాబోలు, నా తలను కనుబొమ్మల దగ్గర కోసేశాడు. రెండు వారాలు అంత గొడవపడి, తల మీద మోసిన అద్దాల కిరీటం ఒక్క అద్దమైనా అందులో పడలేదు.